రాళ్లకు కాపలా

రక్తం చలువరాతిలోకి ఇంకిందంటే ఎంత కడిగినా పోదు. అందుకే కిరియాకోస్ ఆ మరకతో కుస్తీ పట్టలేదు. ఉలి ఆనించి నాలుగు దెబ్బలు వేసి, మరకతో సహా పలకను పగలగొట్టాడు. పోయినవారం గొడవల్లో ఒక పోలీసు కుర్రాడు దవడకు రాయి తగిలి సరిగ్గా ఇక్కడే బోర్లా పడ్డాడు. ఇవాళ పొద్దున పలకల సందులో ఒక పన్ను కనిపించింది. కిరియాకోస్ దాన్ని చేతిరుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చెత్తలో పారేయడానికి మనసొప్పలేదు.

ఏథెన్స్ నడిబొడ్డున, పార్లమెంటు ఎదుటి చౌకులో మెట్లు వేయడమే అతని బతుకు. వేసిన మెట్లనే మళ్లీ మళ్లీ వేయడం అంటే ఇంకా నిజం. ఈ దేశంలో ఎవరికి ఒళ్లు మండినా ఇక్కడికే వస్తారు. వచ్చినవాళ్లలో మొహాలకు గుడ్డలు కట్టుకున్నవాళ్లు సంచుల్లోంచి సుత్తులు తీస్తారు. మెట్ల అంచులు పగలగొట్టి, ఆ ముక్కలనే ఎదుటివాళ్ల మీదికి విసురుతారు. వాళ్లు వెళ్లాక అంబులెన్సులు, అంబులెన్సులు వెళ్లాక ఊడ్చేవాళ్లు, అందరి తర్వాత కిరియాకోస్.

అరవై దాటిన మనిషి. పొట్టివాడే కాని భుజాలు వెడల్పు. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. కనుబొమలూ మీసమూ రాతిపొడికి తెల్లబడ్డాయో, వయసుకు తెల్లబడ్డాయో భార్యకు కూడా తెలియదు. పని చేసేటప్పుడు మోకాళ్ల కింద ఒక ఎర్ర తివాచీ ముక్క వేసుకుంటాడు. దాని ఒక అంచు కాలిపోయి ఉంటుంది. నల్లసముద్రం ఒడ్డున, రష్యా సరిహద్దు పక్కనున్న సుఖూమిలో, తగలబడిన తన ఇంట్లోంచి అతను తెచ్చుకున్నది అదొక్కటే. ఏళ్ల తరబడి మోకాళ్లు ఆనీ ఆనీ అందులో రెండు గుంటలు పడ్డాయి.

"మీరు నాకంటే గట్టి నమాజీ మేస్త్రీ," అన్నాడు తుఫైల్ సిమెంటు తట్ట దించుతూ. "నేను రోజుకి ఐదుసార్లే వంగుతాను. మీరు పొద్దున వంగితే పొద్దుగూకితే గాని లేవరు."

"నోరు కాదు, చెయ్యి ఆడించు."

తుఫైల్ పాకిస్తాన్ నుంచి వచ్చినవాడు. నడివయసు, నెరిసిన గడ్డం, కొంచెం కుంటి నడక. కాగితాలు లేవు. ఆ సంగతి కాంట్రాక్టరుకూ తెలుసు, కిరియాకోస్‌కూ తెలుసు. తెలిసి ఒకడు కూలి కోసేవాడు, ఇంకొకడు రోజూ ఉపన్యాసం దంచేవాడు.

కాఫీ వేళ అయింది. కిరియాకోస్ చేతులు దులుపుకుని, రోజూలాగే రేడియోవాళ్లకు ఫోన్ కలిపాడు.

"చెప్పు కిరియాకోస్ బాబాయ్! ఇవాళ ఎవర్ని ఉతికి ఆరేస్తావ్?" అన్నాడు అటునుంచి కార్యక్రమం నడిపే స్తేలియోస్. ఊరంతా వినే గొంతు అది.

"ఉతకడం కాదు నాయనా, ఉన్నమాట చెబుతాను. దేశానికి తలుపుంటుంది. నేను ఏళ్లకేళ్లు కాగితాలు పట్టుకుని క్యూలో నిలబడి ఆ తలుపులోంచి వచ్చాను. కిటికీ దూకినవాణ్ణి వచ్చినదారినే పంపాలి. ఇక ఈ రాళ్లు విసిరే సన్నాసులు. ప్రభుత్వం అంటే ఏంటి? రాయిని నేలమీద ఉంచేదే ప్రభుత్వం. రాయి గాల్లోకి లేచిందంటే అది లేనట్టే."

ఫోన్ పెట్టేశాక తుఫైల్ అడిగాడు, "ఇవాళ కూడా నన్ను పంపించేశారా మేస్త్రీ?"

"పంపించేశాను."

"సాయంత్రం దాకా ఉండొచ్చా? సిమెంటు కలిపేశాను మరి."

కిరియాకోస్‌కు నవ్వొచ్చింది కాని ఆపుకున్నాడు. "తలుపు తట్టాల్సింది రా నువ్వు."

"తట్టాను. చేతులు నొప్పెట్టాయే గాని ఎవరూ తియ్యలేదు. అప్పుడే సరిహద్దు ఏట్లో దూకాను."

ఆ మాటతో కిరియాకోస్ అభిప్రాయం మారలేదు. అయినా తన రొట్టె, జున్ను చెరిసగం చేసి ఒక సగం అతని వైపు తోశాడు.

మధ్యాహ్నానికి పైనుంచి మూడో మెట్టు మీద కొత్త పలక కూర్చుంది. దాని సందులో సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. పక్కన పగలగొట్టిన పాతరాళ్ల కుప్ప నడుమెత్తు లేచింది. ఆ రోజు రెండు ఊరేగింపులు ఉన్నాయి. వలసవాళ్ల కోసం ఊరి శివార్లలో కట్టే శిబిరం వద్దని ఒకటి, కావాలని ఒకటి. అవి రాకముందే లారీ వచ్చి కుప్పను ఎత్తుకుపోవాలి. లారీ రాలేదు. కాంట్రాక్టరు ఫోన్‌లో విసుక్కున్నాడు.

"దారులన్నీ మూసేశారయ్యా. రేపు చూద్దాం, ఇంటికి పో."

"మరి రాళ్లు?"

"రాళ్లెక్కడికి పోతాయి?"

రాళ్లు ఎక్కడికి పోతాయో కిరియాకోస్ చూశాడు. సుఖూమిలో ప్రహరీ కట్టుకుందామని ఇంటిముందు ఇటుకలు దించాడు. యుద్ధం ముదిరిన రోజులవి. మర్నాడు గ్రీకువాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ వీధిలోకి గుంపు వచ్చింది. వట్టి చేతులతోనే వచ్చారు, ఇటుకలు అక్కడ సిద్ధంగా ఉన్నాయి. అన్న పావ్లోస్ బడిపంతులు, మంచిమాటలు చెబుదామని చేతులెత్తి గడప దాటాడు. మొదటి ఇటుక నోటి మీద పడింది. పడిపోయాక కూడా ఆపలేదు. కొట్టినవాళ్లలో పావ్లోస్ దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లూ ఉన్నారు. చివరికి ఆ ముఖం తల్లికి చూపించలేదు. అప్పటినుంచి కిరియాకోస్ ఏ పనిచోటా రాళ్లకుప్ప వదిలి ఇంటికి వెళ్లలేదు. తోటివాళ్లు దాన్ని చాదస్తం అనుకునేవారు.

"బకెట్లు తే," అన్నాడు.

చౌకు కింద ఎప్పుడో మూతబడ్డ మరుగుదొడ్లు ఉన్నాయి. వాళ్లు పనిముట్లు దాచుకునేది అక్కడే. ఇరుకుమెట్లు, పైన ఇనప షట్టరు. ఇద్దరూ రాళ్లు మోయడం మొదలుపెట్టారు. కుప్ప మోకాలెత్తుకు తగ్గేసరికి అటువైపు వీధిలోంచి నినాదాలు వినబడ్డాయి. ఒక అద్దం భళ్లుమంది. బాష్పవాయువు గోళం ఒకటి గిరగిరా తిరుగుతూ చౌకు మధ్యకు వచ్చింది. కళ్లు మండుతున్నా ఇద్దరూ ఆగలేదు.

అప్పుడు శిబిరం వద్దనే ఊరేగింపులోని జెండాలవాళ్లు పోలీసు వరుసను తోసుకుని ఇటు వచ్చారు. మూలమీద నీళ్లసీసాలు అమ్ముకునే నల్లజాతి మనిషిని కిందపడేసి తన్నారు. జెండాకర్ర విరిగేదాకా కొట్టారు. అతను ముడుచుకుని, ఆ తర్వాత కదలడం మానేశాడు. కిరియాకోస్ అదంతా చూశాడు.

"తుఫైలూ, ఈ బకెట్ కింద పెట్టిరా, తొందరగా."

తుఫైల్ దిగగానే షట్టరు లాగి తాళం వేశాడు.

"మేస్త్రీ! ఏంటిది? తియ్యండి!"

"నోర్మూసుకుని కూర్చో. ఇవాళ నిన్నెవడూ పంపడు."

వెనక్కి వచ్చి, తివాచీ ముక్క వేసుకుని, మిగిలిన రాళ్లకు వీపు ఆనించి కూర్చున్నాడు. పాతికమందిదాకా వచ్చి చుట్టూ మూగారు. ముందున్నవాడు దిట్టంగా ఉన్నాడు. కుడిచెయ్యి వేళ్ల దగ్గర తోలు లేచిపోయి ఉంది.

"లే పెద్దాయనా. రాళ్లు కావాలి."

"ఇవ్వను. ఇవి విసరడానికి కాదు."

వాడు ఆగాడు. తల పక్కకు వంచి మళ్లీ విన్నట్టు చూశాడు. "ఈ గొంతు... ఒరేయ్, రేడియో బాబాయ్ రా! కిరియాకోస్ బాబాయ్!" వంగి వాటేసుకున్నాడు. "వచ్చినదారినే పంపాలి అన్నావు చూడు, మా నాన్న చప్పట్లు కొట్టాడు. వాళ్లనే పంపుతున్నాం. కాస్త జరుగు."

కిరియాకోస్‌కు ఎక్కడో లోపల చిన్న సంతోషం కలిగింది. ఈ ఊళ్లో అతన్ని ఎవరూ ఎప్పుడూ అలా వాటేసుకోలేదు. ఆ సంతోషానికి తనకే సిగ్గేసింది.

"చట్టం పంపాలన్నాను నేను. నువ్వు చట్టానివా?"

"చట్టం నిద్రపోతోంది బాబాయ్. ఇక మేమే."

"మా అన్నని చంపినవాళ్లూ ఇదే మాటన్నారు."

అంతలో కిందినుంచి షట్టరు దడదడా మోగింది. "మేస్త్రీ!" అన్న కేక పైకి వచ్చింది. ఆ యాస అందరికీ వినబడింది.

వాడి మొహం మారిపోయింది. "ఎవడు కింద?"

"నా పనివాడు."

"తాళంచెవి ఇయ్యి."

అందరి కళ్లూ షట్టరు వైపు తిరిగిన ఆ క్షణంలో కిరియాకోస్ చెయ్యి పక్కకు పోయింది. తాళంచెవిని కొత్త పలక సందులోని పచ్చిసిమెంటులోకి బొటనవేలితో నొక్కేశాడు. గోరు లేని వేలే అయినా పని నేర్చిన వేలు. ఒక్కసారి రుద్దితే సందు మూసుకుపోయింది.

"నా దగ్గర లేదు," అన్నాడు.

జేబులు వెతికారు. రుమాలు విప్పితే పన్ను కింద పడింది. "ఎవడిది రా ఇది, ముసలాడా?" అంటూ ఒకడు చెంప పగలగొట్టాడు. రెండోవాడు డొక్కలో తన్నాడు. ఇంతలోనే బాబాయ్ అన్న పిలుపు పోయి ద్రోహి అన్న పిలుపు వచ్చింది, అదీ పోయి, "పో నీ రష్యాకి!" వచ్చింది. పుట్టిన ఊళ్లో అతన్ని గ్రీకువాడని కొట్టారు, ఇక్కడ రష్యావాడని కొడుతున్నారు. కిరియాకోస్ ఆ మాటకు బాధపడే స్థితిలో లేడు. రెండు చేతులూ చాపి రాళ్ల మీద బోర్లా పడుకున్నాడు. చేతుల కిందినుంచి ఒకడు ఒక ముక్క లాక్కున్నాడు. అరచెయ్యంత ముక్క, ఒకవైపు నునుపు. ఆ నునుపు కిరియాకోస్ పెట్టిందే, నిరుడు శీతాకాలంలో.

రాయి చెవి వెనక దిగింది. అతను అరవలేదు. కిందికి జారి, నాలుగో మెట్టు అంచుకు తల తగిలి, మళ్లీ లేవలేదు. మీసం మీది తెల్లపొడి ఎర్రగా తడిసింది. దిట్టంగా ఉన్నవాడు, "బాబాయ్, బాబాయ్," అని రెండుసార్లు పిలిచాడు. పలకకపోయేసరికి భయం వేసి పరుగెత్తాడు. వాడి వెనక మిగతావాళ్లూ పరుగెత్తారు. రాళ్లు చాలావరకు అక్కడే ఉండిపోయాయి.

పోలీసులు తాళం పగలగొట్టి తుఫైల్‌ను పైకి తెచ్చారు. అతను శవం పక్కన కూలబడి, మేస్త్రీ కళ్లమీద పడిన రాతిపొడిని చొక్కా అంచుతో తుడిచాడు.

"లోపల పెట్టి తాళం ఎవరు వేశారు? చెవి ఏది?" అడిగాడు ఒక పోలీసు.

తుఫైల్ కొత్త పలక సందు వైపు చూశాడు. ఆ సందులో వేలిముద్ర ఉంది. మేస్త్రీ ఎన్నడూ పనిలో వేలిముద్ర మిగల్చడు.

"తెలీదు సార్."

"నీ కాగితాలు?"

తుఫైల్ తల అడ్డంగా ఊపాడు. వ్యాను ఎక్కబోతూ ఆగి, తివాచీ ముక్క తీసుకుంటానని అడిగాడు. ఏ కళనున్నాడో పోలీసు సరేనన్నాడు. అతను దాన్ని మడిచి చంకలో పెట్టుకుని ఎక్కాడు. ఆ తర్వాత అతన్ని ఎక్కడికి పంపారో చౌకులో ఎవరికీ తెలియదు.

మర్నాడు రేడియోలో స్తేలియోస్ ఒక పాట వేయించి ఊరుకున్నాడు. వారం తిరక్కుండానే కాంట్రాక్టరు కొత్త మేస్త్రీని పంపాడు. అతను మరకలు పడ్డ పలకలన్నీ పగలగొట్టి కొత్తవి వేశాడు. మూడో మెట్టు మీది పలకను ఉలితో తట్టి చూసి, గట్టిగా కూర్చుందని వదిలేశాడు. ఆరి కుంగిన సిమెంటులో వేలిముద్ర పక్కన తాళంచెవి తల వేలిగోరంత బయటికి కనబడుతోంది.