కొలంబోకు పన్నెండు ఉత్తరాలు

నేను తహసీల్ కచేరి ముందు అర్జీలు రాసేవాణ్ని. పేరు కాశయ్య. తేదీ, వేళ తప్పుపడితే అర్జీ చెల్లదని సిద్దిపేటలో పదిమందికి పాఠం చెప్పినవాణ్ని. నా భార్య బాలమణి పోయిన నాలుగో ఏడు, అంటే యుద్ధం ముగిసిన మరుసటేడు, హైదరాబాదులో ఒక పాత పుస్తకం కొన్నాను. వైర్‌లెస్ పెట్టె సొంతంగా కట్టుకోవడం, చుక్కల గీతల భాష నేర్చుకోవడం అందులో ఉన్నాయి. చివర, ఎవరి స్టేషన్ ఎక్కడుందో చిరునామాల పట్టీ ఉంది. మొదటి ఎనిమిది పేజీలు లేవు. ముందుమాటలు ఎవడు చదువుతాడులే అనుకున్నాను.

వినడానికి లైసెన్సు దొరికింది కానీ, మాట పంపడానికి దొరకలేదు. అయినా సరే. రోజూ కచేరి గంట ఆరు కొట్టాక ఇంటికొచ్చి, తాళం తీసి, దీపం ముట్టించి పెట్టె ముందు కూర్చునేవాణ్ని. ఆ ఇంట్లో నాతో మాట్లాడేది అదొక్కటే.

ఆరున్నరకు కొలంబో నుంచి వీరకోన్ అనే ఆయన టకటకమని పిలిచేవాడు. "ఎవరైనా ఉన్నారా?" పావుగంట పిలిచి, జవాబు లేక ఆపేసేవాడు.

విన్నవాళ్లు తేదీ, వేళ వేసి ఉత్తరం రాస్తే, అవునని సంతకం చేసి కార్డు పంపడం స్టేషన్లు నడిపేవాళ్లలో ఆనవాయితీ. నాకు ఆ ఒక్క కార్డు కావాలి. లోకంలో ఎవరో ఒకరు, నువ్వున్నావని తెలిసింది కాశయ్యా అంటే చాలు. పదకొండు ఉత్తరాలు రాశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

పక్కింటి అమృతమ్మ ఊరుకుంటుందా?

"ఏంది కాశన్నా, ఊరందరి అర్జీలు రాస్తవ్, నీ అర్జీకే జవాబు లేకపాయె! గా పెట్టె ముందు కూసునుడు ఇడిశి మా ఇంటికొచ్చి ఇంత గటక తాగిపో."

"రేపొస్త తీ చెల్లె" అనేవాణ్ని. వెళ్లేవాణ్ని కాదు.

దసరా ముందు జవాబొచ్చింది. కార్డు కాదు, ఉత్తరం.

"మీరు రాసే సాయంత్రం ఆరున్నర అంటే నాకు అర్ధరాత్రి. ఆ వేళకు నేను నిద్రలో ఉంటాను. కార్డుల కోసం అబద్ధాలు రాసేవాళ్లను చాలామందిని చూశాను. ఏ దేశంవాళ్లయినా గ్రీనిచ్ వేళే వేయాలని ప్రతి పుస్తకం మొదటి పేజీల్లోనే ఉంటుంది. ఇక రాయకండి."

నేను వేసింది కచేరి గంట వేళ! బడి పంతులు రాజనర్సు దగ్గరికి పరుగెత్తాను. ఆయన లెక్కగట్టి చెప్పాడు.

"మన ఆరున్నర అంటే గా గ్రీనిచ్ లెక్కల పగలు ఒంటిగంట, కాశన్నా."

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. వెంటనే క్షమాపణ చెప్పి, పదకొండు సాయంత్రాల వేళలూ సరిచేసి, పన్నెండో ఉత్తరం పోస్టాఫీసులో ఇచ్చాను.

"టపా మోటరు రేపు పొద్దుగాలనే పోతది" అన్నాడు పోస్టు జవాను మైసయ్య.

ఆ సాయంత్రం వీరకోన్ అయిదు నిమిషాలే పిలిచాడు. తర్వాత మెల్లగా, నాలాంటివాడికి కూడా అక్షరం తప్పకుండా అందేలా పంపాడు.

"పది నెలలుగా నన్ను విన్నవాళ్లు లేరు. స్టేషన్ ఎత్తేస్తున్నాను. ఎవరైనా ఉంటే, సెలవు."

"నేనున్న సారూ! దినాం మీ పిలుపు ఇంటనే ఉన్న!" అని పెట్టె మీద పడి అరిచాను.

"ఎవలొచ్చిన్రు కాశన్నా?" గోడ అవతలినుంచి అమృతమ్మ కేకేసింది.

"ఎవలు రాలే చెల్లె" అని పెట్టె ఆపేసి, దీపం తగ్గించాను.