ఉంగరపు వేలు

నాన్న అచ్చాఫీసులో కాగితాలు కోసే మిషను దగ్గర పనిచేశాడు. పెళ్ళయిన ఏడాదే కుడిచేతి ఉంగరపు వేలు సగానికి తెగింది. ఆ తర్వాత ఏ ఫోటోలో చూసినా ఆ చెయ్యి జేబులోనో, వీపు వెనకో ఉంటుంది. ఆయన పోయాక అమ్మ కోరిక ఒక్కటే, ఆ చెయ్యి కనబడే బొమ్మ దేవుడి పటాల పక్కన ఉండాలని. "మనందరికీ అన్నం పెట్టిన చెయ్యిరా. రోజూ దానికీ ఓ దండం పెట్టుకుంటాను" అంది.

షాపులకు బోర్డులు రాసే మామయ్య, అమ్మ తమ్ముడు, ఆ పని నెత్తిన వేసుకుని మూడు నెలలైంది. ఎప్పుడడిగినా "కళ్ళు కుదరట్లేదక్కా" అంటాడు.

ఆ ఆదివారం మామయ్య మా ఇంట్లో ఉండగానే అక్క మొగుడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగాడు.

"మూడు నెలలా! మూడు నిమిషాల పని, బావమరిదీ" అన్నాడు నాతో.

నాన్న ఫోటోలు నాలుగు ఎక్కించి, ఎలాంటి బొమ్మ కావాలో ఏఐకి టైపు చేశాడు. తెర మీద ఒక పెద్దమనిషి ప్రత్యక్షమయ్యాడు. పట్టులాంటి చర్మం, ఓట్లడిగేవాడి నవ్వు. అయిదు వేళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి.

"ఎవరీయన?" అంది అమ్మ.

"మా మామగారే, అత్తయ్యా!"

"బట్టలకొట్టు ముందు నిలబెట్టే బొమ్మలా ఉన్నాడు" అన్నాడు మామయ్య.

"పళ్ళ డాక్టరు బోర్డు మీద మీరు వేసిన పిల్లకంటే నయమే లెండి. దాన్ని చూసి రోగులు పారిపోయారట."

"పారిపోవాలన్నా ముందు చూడాలి కదా అల్లుడూ. దీన్ని ఎవడూ చూడనే చూడడు."

"వేలు" అంది అమ్మ.

"అదెంతసేపు! ఏ చెయ్యి, కుడా ఎడమా?" అన్నాడు బావ.

పదేళ్ళు నాన్న పక్కన కూర్చుని భోంచేసిన అల్లుడు అడిగిన ప్రశ్న అది.

పైకి చదువుకుంటూ మరీ టైపు చేశాడు: "కుడిచేతి ఉంగరపు వేలు సగమే ఉండాలి." వేలు నిండుగా అలాగే వచ్చింది. దానికి రాయి పొదిగిన బంగారు ఉంగరం, అదీ సగమే! మామయ్య నవ్వు ఆపుకుంటూ దగ్గాడు. మళ్ళీ అడిగితే ఉంగరం పూర్తయింది. మూడోసారికి వేళ్ళన్నీ సగానికి వచ్చాయి.

బావ ముఖంలో సిగ్గు లేదు. "చెయ్యి ఎవరు చూస్తారత్తయ్యా? జేబులో పెట్టించేద్దాం."

"బతికినన్నాళ్ళూ ఆయన దాచుకున్నాడు. పోయాక మీరు దాస్తారా బాబూ?"

బావ నా వైపు తిరిగాడు. "దేవుడు మాటతోనే సృష్టి చేశాడని నువ్వే అంటావుగా. నేనూ మాటతోనే చేశాను. ఇది కళ ఎందుక్కాదు?"

నాది పెద్ద చదువు కాదు. దేవుడికి తాను ఎవరి చెయ్యి చేస్తున్నాడో తెలుసుననుకుంటాను. ఈ యంత్రానికి ఏ చెయ్యయినా ఒకటే. అయితే తప్పు దానిదేనా? చూడనివాడు అడిగితే ఏదైనా ఏమిస్తుంది?

మామయ్య వెళ్ళి, తన షాపులో గోడవైపు తిప్పి పెట్టిన నాన్న బొమ్మ తెచ్చాడు. అమ్మ చాలాసేపు చూసింది.

"కళ్ళు చెరో వీధీ చూస్తున్నాయిరా."

"చెప్పాగా అక్కా."

అమ్మ ఆ సగం వేలి మీద వేలు పెట్టింది. మొండి చివర కుట్టు మచ్చ కొంచెం వంకరగా ఉంది. అది నేనూ మరిచిపోయాను.

"మేకు కొట్టు" అంది నాతో.

నేను స్టూలెక్కాను. పట్టుకోమంటే బావ ఒక చేత్తో స్టూలు పట్టుకుని, రెండో చేత్తో సెల్‌ఫోను తీసి ఆ బొమ్మను ఫోటో తీశాడు.

"కళ్ళు బాగుచేయించి పంపిస్తా అత్తయ్యా. ఒక్క నిమిషం."

"ముందు స్టూలు రెండు చేతులా పట్టుకోండి" అంది అమ్మ. "మీకు పదివేళ్ళూ ఉన్నాయిగా."