పక్కింటి గోడ కేసు

వీధిలో అందరూ ఆవిడని సూదక్క అనేవాళ్లు. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. పక్కిల్లు హార్డ్‌వేర్ కొట్టాయనది. రెండు పెరళ్ల మధ్యా ఒకటే గోడ. సూదక్క ఆ గోడ పగలగొట్టించి చిన్న తలుపు పెట్టించిందని కొట్టాయన కోర్టుకెక్కాడు.

"గోడ నా హద్దులోది. మెల్లగా నా పెరడు కాజేద్దామని ఎత్తు," అని ఫిర్యాదు.

అసలు సంగతి కొట్టాయనకీ తెలుసు, ఆయన భార్యకీ తెలుసు. మొగుడు చెయ్యి చేసుకున్నప్పుడల్లా ఆమె గోడ దూకి సూదక్క వంటింట్లో తలదాచుకునేది. ఓసారి దూకబోయి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కడుతూ సూదక్క, "కోతిలా దూకే వయసటే నీది? దారి పెట్టిస్తా ఉండు," అంది. కొట్టాయన ఊళ్లో లేనప్పుడు మేస్త్రీని పిలిపించింది.

కోర్టులో భార్యని సాక్షిగా నిలబెట్టారు. మొగుడి లాయరు నేర్పిన మాటే చెప్పింది. "అక్క" అనబోయి "ఆవిడ" అంది. "ఆవిడ ఎందుకు పగలగొట్టిందో నాకు తెలీదండి."

తర్వాత సూదక్క బోనెక్కింది. గోడ ఎందుకు పగలగొట్టించారని ఆవిడ లాయరే అడిగాడు. ఒక్క మాట చెబితే కేసు తిరగబడేది. సూదక్క బెంచీ మీద కూర్చున్న కొట్టాయన భార్య వైపు ఒకసారి చూసి, కళ్లద్దాలు సర్దుకుంది.

"వెలుతురు కోసమండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకి చెవులు వేడెక్కిపోయాయి. లేచి నిలబడదామనుకుంది. కానీ లేవలేదు.

గోడలో పెట్టిన ఆ దారి మూసెయ్యమని తీర్పొచ్చింది. కొట్టాయన తన కొట్లోంచే సిమెంటు తెచ్చి, దగ్గరుండి పని మొదలెట్టించాడు. మేస్త్రీకి నీళ్లందించే పని భార్యది. ఇటుకల వరస లేస్తుంటే అవతల సూదక్క వంటింటి గడప కనిపిస్తోంది. మేస్త్రీకి అడ్డమని ఆవిడ తన స్టూలు తనే పక్కకి లాక్కుని, "ఇంకొంచెం జరగనా నాయనా?" అంది.

ఆ మాట వినేసరికి ఆమెకి నించున్నచోటే భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది. బకెట్టు కింద పెట్టి వీధి గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికే?"

"అక్క దగ్గరికి."

మేస్త్రీ చూస్తున్నాడు గనక కొట్టాయన చెయ్యి లేవలేదు.

గేటు దాటి, పక్క గేటు తీసి, గుమ్మంలోనే ఆగిపోయింది. "అక్కా, కోర్టులో అబద్ధం చెప్పాను."

"తెలుసు. నేనూ అక్కడే ఉన్నాగా."

"మరి నువ్వెందుకు నిజం చెప్పలేదు?"

"నీ ఇంటి గుట్టు. నువ్వు విప్పాలి గానీ, నేనెలా విప్పుతానే?"

ఆమె తిరిగి వెళ్లలేదు. సూదక్క వద్దంటున్నా ఆవిడ లాయరు దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది. ఆయన అప్పీలు వేస్తే, పై కోర్టులో అందరి ముందూ మళ్లీ చెప్పింది. ముందు అబద్ధమాడినందుకు జడ్జి చీవాట్లు పెడితే, తలొంచుకుని విని, "నిజమేనండి," అంది. గోడ మాత్రం కొట్టాయనదేనని తేలింది. ఆమె జోలికి రావద్దని ఇంకో కోర్టు ఆయనకి గట్టిగా చెప్పింది.

ఇప్పుడామె సూదక్క ఇంట్లోనే ఉంటోంది, వీధి వైపు గదిలో. సూదక్క ఆ సాక్ష్యం ఊసు ఇంతవరకూ ఎత్తలేదు. ఎత్తి, నాలుగు తిట్టినా బాగుండునని ఆమె అనుకుంటుంది.