బుడగల మచ్చలు

అద్దంలా నున్నగా రావాల్సిన సిలికాన్ పలక స్ఫోటకం మచ్చల మొహంలా బయటికొచ్చింది. దాన్ని ద్రావణంలో ముంచి పైపొర సమంగా కరిగించే పని ఆడపడుచుది. అంతకుముందు కడిగి ఇచ్చే పని వదినది. ఇద్దరిదీ ఒకటే ల్యాబు, ఒకటే ఇల్లు.

"కడగడం చేతకాకపోతే పలక ఇలాగే ఏడుస్తుంది," అంది ఆడపడుచు, పెద్దసారు ముందు, అందరూ వింటుండగా. వదిన చేతి తొడుగులు విప్పేసి బయటికి వెళ్లిపోయింది.

ఆడపడుచు, వదిన కడిగిపెట్టిన పలకల్లోంచి ఇంకోటి తీసుకుని ద్రావణంలోకి దించింది. దించగానే దాని ఒంటినిండా గాలి బుడగలు అతుక్కున్నాయి. బుడగ కూర్చున్న చోట ద్రావణం తగలదు, అక్కడ బొడిపె మిగిలిపోతుంది. వాటిని ఊడగొట్టడానికే అడుగున కలియబెట్టే మర తిరుగుతూ ఉండాలి. అది తిరగడం లేదు. చప్పుడు చిరాకుగా ఉందని పొద్దున తనే ఆపింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

మర వేసి, వాటిలోంచే ఇంకో పలక దించింది. ఈసారి నున్నగా వచ్చింది. పెద్దసారు మెచ్చుకోబోతే అడ్డుపడింది.

"తప్పు నాదేనండీ. వదిన బాగానే కడిగింది. మర ఆపింది నేను," అంది, అందరి ముందే.

తర్వాత వదిన దగ్గరికి వెళ్లి, "నన్ను నాలుగు తిట్టు వదినా," అంది.

"తిడితే నీ బరువు దిగిపోతుంది. మరి నాది?" అంది వదిన, తల తిప్పకుండానే. "రేపు మాట్లాడతాలే."

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సెక్కి, వేరువేరు సీట్లలో కూర్చున్నారు.