కింద మిగిలిన మూలం

"మోహనప్రియ బోర్డు మీద రాస్తే అచ్చేసినట్టుంటాది" అన్నాడు మా ఆయన మురళి, నేను కాఫీ గ్లాసులు కడుగుతుంటే. ఈ వారంలో అది నాలుగోసారి.

ఈ అరవ ఊరు ధర్మపురిలో, మా ఇంటి ముందుగదిలో ఆయన లెక్కల ట్యూషన్ నడుపుతాడు. చెట్టికరై కాలేజీలో ఇంజనీరింగ్ ముగించి వచ్చిన మోహనప్రియ కొత్త టీచరు; ఇప్పుడు లెక్కలు బోర్డు మీద వేసేది ఆమే. కష్టమైన లెక్క ఏదైనా వస్తే ఆయన చీటీ మీద రాసుకొచ్చి వంటింట్లో నా ముందు పెడతాడు. పప్పు ఉడికేలోగా చేసిస్తాను. పన్నెండేళ్ళుగా అవి ఆయన చేసిన లెక్కలుగానే చెల్లుతున్నాయి. నేను చదివిన బీయస్సీ వంటింట్లో ఏం ఉడికిస్తుందని మా అత్త జయలక్ష్మమ్మ ఇప్పటికీ అడుగుతుంది. అదంతా ఓర్చుకున్నాను. కానీ ఆ పిల్ల చున్నీకి సుద్దపొడి అంటించుకుని నవ్వుతూ బయటికొస్తే మాత్రం కడుపు మండిపోతుంది. మొగుణ్ణి తన్నుకుపోతుందని కాదు, ఆయన్ని తీసుకుపోతే పోనీ. ఆ సుద్దపొడి నాది.

నిన్నటి చీటీలో ఒకటి కింద వర్గమూలం రెండు ప్లస్ ఘనమూలం రెండు. కింద మూలాలు లేకుండా చేయాలి. మధ్య గుర్తు మార్చి పైనా కిందా గుణిస్తే వర్గమూలం పోయి, రెండు మైనస్ ఘనమూలం నాలుగు మిగులుతుంది. సరైనదానితో ఇంకోసారి గుణిస్తే అదీ పోతుంది. ఆ ఇంకోసారి నేను రాయలేదు. కావాలనే. పిల్లల ముందు ఆ మోహనప్రియ నోరు వెళ్ళబెట్టాలని.

సాయంత్రం తలుపు చాటున నిలబడ్డాను. మోహనప్రియ నేను రాసినదంతా బోర్డుకెక్కించి ఆగింది. కింద ఇంకా మూలం ఉంది కదా అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. నాకు ఎంత సంతోషమో, సిగ్గు లేకుండా. ఆమె మాత్రం తడబడలేదు.

"ఆమా, ఉండాది. మిగతాది నాకు తెలీదు," అని మా ఆయన వైపు తిరిగింది. "ఈ లెక్క ఎవురు చేసినారు సార్?"

"నేనే" అన్నాడాయన.

"అయితే మిగతాది వేసి చూపించండి సార్. నేనూ నేర్చుకుంటాను." సుద్దముక్క ఆయన చేతిలో పెట్టింది.

ఆయన బోర్డు వైపు చూశాడు. గడియారం వైపు చూశాడు. చివరికి తలుపు వైపు చూశాడు. ఎవరి కోసమో వేసిన ఉచ్చులో ఎవరు పడ్డారో అప్పుడు అర్థమైంది నాకు.

తడి చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్ళి, ఆయన వేళ్ళ మధ్యనుంచి సుద్ద తీసుకున్నాను. మోహనప్రియ వెళ్ళి పిల్లల పక్కన కూర్చుని నోట్సు తెరిచింది. ఆమె దస్తూరి మీద నాకింకా కుళ్ళుగానే ఉంది. వదిలేసిన మెట్టు బోర్డు మీద వేశాను: రెండు ఘనం ఎనిమిది, అందులోంచి నాలుగు పోతే నాలుగు. కింద మూలం పోయింది.

"పెరట్లో ఆవు అరస్తా ఉండాది, పాలు పిండే వేళాయె" అన్నాడాయన వెనకనుంచి, గొంతు తగ్గించి.

"మీరు పోయి పిండండి," అన్నాను తల తిప్పకుండా. "నాకు క్లాసుండాది."