పొత్రం కింది నీడ

పొద్దున ఏడున్నర. మబ్బు తునక లేదు, గాలి లేదు, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. సిద్ధమ్మ వాకిలి ఊడ్చి, కూతురి నీడకు తగలకుండా చుట్టూ రెండు దోసిళ్ల నీళ్లు చల్లింది. అంతకంటే చల్లడానికి లేవు. ట్యాంకరు వచ్చేది మూడు రోజులకొకసారి.

వీధి కుక్క రోజూ ఆ నీడలోనే పడుకునేది. ఊళ్లో చెట్లు ఎండి నాలుగేళ్లయింది. మిగిలిన చల్లదనమంతా వలసపోయినవాళ్ల నీడలదే. ఆ పొద్దు కుక్క వచ్చి, మూడు చుట్లు తిరిగి పడుకుని, మళ్లీ లేచిపోయింది. సిద్ధమ్మ చీపురు పక్కన పడేసి అరచెయ్యి నీడలో పెట్టి చూసింది. ఎండ తగులుతోంది. నూరుసార్లు ఉతికిన రవికగుడ్డలాగా నీడ పలచబడిపోయింది.

సోమల దాటినాక గుట్టల నడుమ ఉన్న ఆ పల్లెలో వలస పోయేవాళ్లెవరూ నీడను వెంట తీసుకుపోరు. బయల్దేరే పొద్దు వాకిట్లో తూర్పుకు తిరిగి నిలబడతారు. వెనక చాచుకున్న నీడ మీద ఇంటి ఆడమనిషి రోట్లో పొత్రం తెచ్చి పెడుతుంది. మనిషి వెనక్కి చూడకుండా నడిచిపోతే, పచ్చి తాటాకు చీలినట్టు చిన్న సడి చేసి నీడ ఊడిపోతుంది. నీడ ఇంట్లో ఉంటే మనిషి ఎక్కడికి పోయినా తిరిగొస్తాడని పెద్దల మాట.

పన్నెండేళ్ల కిందట సిద్ధమ్మ మొగుడి నీడ మీద పెట్టిందీ ఆ పొత్రమే. అతను తిరిగొచ్చాడు, పెట్టెలో. తిరిగొస్తాడన్నారు గానీ ఎట్లా వస్తాడో పెద్దలెవరూ చెప్పలేదు. అయినా, బోరు వెయ్యడుగులు దింపితే దుమ్ము లేచి, రెండో ఏడూ చెనక్కాయ చేను నిలువునా మాడి, కూతురు పల్లవి సంచి సర్దుకున్నప్పుడు ఆమె మళ్లీ ఆ పొత్రమే ఎత్తుకొచ్చింది. భయపడ్డ మనిషి తెలిసిన పనే చేస్తుంది.

పల్లవితో కలిపి ఐదుగురు పోయారు. పక్కూరి మేస్త్రీ ధనంజయ వాళ్లను సూళ్లూరుపేట అవతల, కొత్త ఫ్యాక్టరీ షెడ్ల పనికి తీసుకుపోయాడు. మూడు నెలలయింది.

చెయ్యి ఇంకా నీడలో ఉండగానే ఫోన్ మోగింది. పల్లవి.

“తిన్నావా?”

“రాత్రి తిన్నా.”

“నిన్న మధ్యాన్నం?”

“ఈడ మధ్యాన్నం రాదుమా,” అంది. “పొద్దున్నే ఫోన్లు మేస్త్రీ సంచిలో ఏసుకుంటాడు. ఆకలైతాందంటే ఇంకా పది గంటలే అంటాడు. కాదంటే, మీ నీడ సూసి మీరే చెప్పండి అని నగతాడు.”

“తలెత్తి పొద్దు యాడుండాదో సూడకూడదా?”

“తలమీద సిమెంటు బాండ్లి పెట్టుకుని పైకెట్లా సూసేది?”

ఫోన్ ఎవరో లాక్కున్నట్టు ఆగిపోయింది.

సిద్ధమ్మ అక్కడే కూలబడింది. చేలో కూలికి పోయిన రోజుల్లో ఆమె నీడను అడుగులతో కొలిచేది. అడుగుకు తగ్గితే అన్నానికి లేచేది. ఆరడుగులు దాటితే ఎవరు అరిచినా కొడవలి పెట్టేసేది. అంత తెలిసీ, కూతురి పొద్దును తన చేత్తోనే రాయి కింద పెట్టింది.

తర్వాత లేచి పొత్రం పక్కకు దొర్లించింది.

పక్కింట్లో వహీదున్నీసా మిషన్ మీద రవికలు కుడుతోంది. ఆమె కొడుకు జానీ బాషా కూడా ఆ ఐదుగురిలో ఒకడు.

“వహీదా, మీవాడి నీడ మీద రాయి తీయ్. రేపు పోయి ఇచ్చేసొద్దాం.”

“తీస్తే వాడింక తిరిగి రాడేమో అక్కా.”

“మా ఆయన వచ్చినాడు గదా. నువ్వూ సూసినావు.”

మిషన్ ఆగింది. వహీదున్నీసా లేచి చీర కొంగు దోపుకుంది. “మడిస్తే గీతలు పడతాయి. సుట్టాల,” అంది.

మునికృష్ణ, తిరుమలమ్మ ఇద్దరూ ఆ ఐదుగురిలోనే ఉన్నారు గనక వాళ్లింటికి తాళం. వాకిట్లో రెండు నీడలూ ఒకే బండ కింద ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. “మొగుడూ పెండ్లాలు. వాళ్లే ఇడదీసుకుంటార్లే,” అని వహీదున్నీసా రెంటినీ ఒకే చుట్ట చుట్టింది.

చివరిది వరదమ్మ మనవడు అమర్‌నాథ్‌ది. ముసలామె రాయి మీద ఎక్కి కూర్చుంది.

“ఇయ్యను. నాకుండేది ఇదొక్కటే.”

“నీడకు అన్నం పెట్టలేవత్తా. మనిషిని తెస్తా.”

వరదమ్మ సిద్ధమ్మ మొహం చూసింది. తర్వాత పక్కకు జరిగింది.

మరుసటి పొద్దు ఐదింటి బస్సులో కండక్టరు చుట్టలను చూసి అడిగాడు.

“ఏందవి?”

“నీడలు.”

“ఆడోళ్లకు టికెట్ లేదు. ఈట్లో మొగోళ్లవి ఎన్ని?”

“మూడు.”

అతను టికెట్ మిషను పట్టుకుని ఆలోచించాడు. “కొట్టాల్నో వద్దో నాకూ తెలీదుమ్మా. పైన మాత్రం పెట్టొద్దు, మాసిపోతాయి.”

తిరుపతిలో బస్సు మారారు. సూళ్లూరుపేటలో దిగినచోట రాకెట్టు బొమ్మ ఉన్న పెద్ద బోర్డు ఉంది. వహీదున్నీసా మెడ ఎత్తి చూసింది. “ఆకాశానికి దోవ ఏసినారు గానీ అక్కా, మనూరికి ఒక నీళ్ల గొట్టం ఎయ్యలేకపోయినారే.”

షెడ్ల దగ్గరికి ఆటోలో చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. గేటు కాపలా అడ్డం వచ్చాడు. వెనకే ధనంజయ వచ్చాడు.

“సిద్ధక్కా, ఇంత దూరం నువ్వేల వచ్చినావు? ఫోన్ చేసింటే నేనే మాట్లాడించేవాణ్ణి గదా.”

“బిడ్డల నీడలు తెచ్చినా. ఇచ్చేసి పోతా.”

“పని గంటల్లో ఇయ్యకూడదు. సాయంత్రం రా.”

“సాయంత్రం ఎప్పుడైతాదో వాళ్లకు తెలిస్తే గదా.”

“లోపలికి పంపీడం కుదర్దక్కా.”

“నన్ను పంపొద్దులే,” అంది సిద్ధమ్మ. గేటు ముందు మోకాళ్ల మీద కూర్చుని చుట్టలు విప్పింది.

నీడలు గేటు కింది సందులోంచి దూరి, ఇసుక మీద జరజరా పోయాయి. దేని మనిషి కనబడితే ఆ మనిషిని అది పట్టుకుంది. మునికృష్ణ కాళ్ల దగ్గర రెండు నీడలూ కాస్త తడబడి, ఒకటి తిరుమలమ్మ వైపు జరిగింది. బాండ్లి మోస్తున్న పల్లవి పాదాల కిందికి ఆమె నీడ వచ్చి, రొట్టె పెనమంత చిన్నదై ముడుచుకుంది.

పల్లవి కిందికి చూసింది. బాండ్లి దించింది.

“మధ్యాన్నమైంది,” అంది.

“ఇంకా పదకొండే,” అని ధనంజయ కేక వేశాడు.

మునికృష్ణ తన నీడ పక్కన పాదం పెట్టి కొలిచాడు. “అడుగు గూడా లేదబ్బా. పన్నెండు దాటింది.” తిరుమలమ్మ పార కింద పెట్టి కూర్చుంది. జానీ బాషా కూర్చున్నాడు. ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఇరవైమంది ఒక్కొక్కరే వచ్చి ఆ నాలుగు నీడలనూ వంగి చూశారు. వాళ్ల కాళ్ల కింద ఏమీ లేదు. వాళ్ల ఊళ్లలో కూడా రాళ్లున్నట్టుంది. బాండ్లీలు వరసగా నేలమీదికి దిగాయి.

ధనంజయ అరిచాడు, బతిమాలాడు, మళ్లీ అరిచాడు. నీడ ఆరడుగులు సాగేదాకా కూర్చున్నవాళ్లెవరూ లేవలేదు. చేసిన పనికి రావలసింది చేతిలో పడ్డాకే నలుగురూ సంచులు తెచ్చుకుని గేటు దాటారు.

అమర్‌నాథ్ లేడు. అతని నీడ షెడ్డంతా రెండుసార్లు వెతికి, తిరిగొచ్చి సిద్ధమ్మ పక్కన నిలబడింది.

“వాడు యాడ?”

ధనంజయ చూపు తిప్పుకున్నాడు. “నెల్లూరవతల రొయ్యల చెరువుల కాడికి పంపినా. మొన్ననే.”

“ఏ ఊరు?”

“నీకేల అక్కా, నేను పిలిపిస్తా గదా.”

“ఊరి పేరు చెప్పు.”

అతను చెప్పేదాకా ఆమె కదల్లేదు. చెప్పిన పేరును పల్లవి చేత బస్సు కాగితం వెనక రాయించింది.

ఆ రాత్రికి తిరుపతి బస్టాండులో పడుకుని, మరుసటి రోజు పది దాటినాక ఊరు చేరారు. మలుపు దగ్గర వరదమ్మ ఎండలో నిలబడి ఉంది. దిగిన ఒక్కొక్క మొహమూ చూసింది. బస్సు కదిలిపోయాక సిద్ధమ్మ చంకలోని నీడ చుట్ట వైపు చూసింది.

“ఇట్లియ్యి. మళ్లీ రాయి కింద పెడతా.”

“పెట్టొద్దత్తా. వాడు యాడుండాడో తెలిసింది. రేపు ఐదింటి బస్సుకు పోతాండా.” వరదమ్మ ఏదో అనబోయింది. సిద్ధమ్మ అననియ్యలేదు. “ఆ పొత్రాన్ని రోట్లో ఏసి చెనిగ్గింజల ఊరిబిండి నూరు. దోవలోకి సద్ది కావాల.”

వచ్చినవాళ్లను ఎండలో వరసగా నిలబెట్టింది. ఒక్కొక్కరి భుజం తాకుతూ, ఒక్కొక్కరి కాళ్ల దగ్గర చూస్తూ లెక్కబెట్టింది. పల్లవి ఒకటి. జానీ బాషా రెండు. మునికృష్ణ మూడు. తిరుమలమ్మ నాలుగు.

చంకలో చుట్టను ఇంకాస్త బిగించి పట్టుకుంది.

“నాలుగు,” అంది, లెక్క ఇంకా అయిపోలేదని ఊరంతా వినేట్టు.