మొదటి లారీ కదలక ముందు

చెరకు మోపు భుజానికెత్తుకోగానే అడెల్ఫా ఎడమ జబ్బ మీది బిళ్ళ గుర్రుమంది.

ఆమె ఆగలేదు. లారీకి ఆనించిన పలక ఎక్కింది. పైన నిలబడ్డ ఇస్కో మోపు అందుకున్నాడు.

"ఏం వదినా, జబ్బలో తేనెటీగ మళ్ళీ లేచిందా?"

కింద ఇద్దరు నవ్వారు.

ఆ పేరు ముఠా పెట్టిందే. జబ్బలో చర్మం కింద అగ్గిపుల్ల ముక్కంత సెన్సరు ఉంది. బకోలోద్ పట్నం ఆసుపత్రిలో కోసి పెట్టారు. రక్తంలో చక్కెర పడిపోతే పైన అతికించిన బిళ్ళ వణుకుతుంది. పోయిన కోతల్లో అడెల్ఫా కళ్ళు తిరిగి కత్తి మీదే పడింది. మోకాలి కింద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. "ఇది వణికిందంటే చేతిలో పని వదిలేసి తీపి తిను. ఈసారి పడితే లేవవు" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది.

ఇవాళ కోతలు మొదలు. ఆ తోటలో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా మొదటి లారీ మిల్లుకు కదిలేదాకా ముఠాలో ఎవరూ నోట్లో ఏమీ పెట్టకూడదు. అన్నం కుండ మూత తీయకూడదు, చెరకు కొరకకూడదు. కొరికితే ఆ లారీ దారిలో బోల్తా పడుతుందని నమ్మకం. మెల్చోర్ మేస్త్రీ దానికి తనదొకటి తగిలించాడు. తప్పు చేసిన ముఠాకు వారమంతా లారీ ఆఖరున వస్తుంది. అప్పటికి కోసిన చెరకు ఎండి తేలికవుతుంది. కూలి టన్ను లెక్కన, అందరికీ కలిపి.

లారీ పొద్దున్నే కదులుతుందని నమ్మి, అడెల్ఫా తెల్లవారగానే ఎప్పటిలా ఇన్సులిన్ సూది వేసుకుంది. లారీ బురదలో దిగబడి ఎండెక్కాక వచ్చింది. తలగుడ్డ చివర కట్టుకున్న బెల్లం ముక్క మొదటిసారి వణికినప్పుడే చాటుగా నోట్లో వేసుకుంది. ఇక ఏమీ లేదు.

ఇంకో మోపు ఎత్తుకోగానే బిళ్ళ మళ్ళీ గుర్రుమంది. ఈసారి ఆగడం లేదు. ఒంటి మీద చెమట చల్లగా ఉంది. పలక రెండుగా కనిపించింది.

"మేస్త్రీ, నా ఫోనివ్వు. చక్కెర ఎంతుందో చూసుకుని ఇచ్చేస్తా."

పనిలో ఫోన్లు అతని సంచిలోనే ఉంటాయి.

"ఇంకో పది మోపులు. ఆ తర్వాత ఫోను చూసుకో, అన్నం తిను, పడుకో, నీ ఇష్టం."

"పది మోపులదాకా నేనుండను."

"ఆ బిళ్ళ రాకముందు జబ్బుల్లేవా? మా అమ్మకీ చక్కెరుండేది. కోతల్లో ఏనాడైనా కూర్చుందా?"

"మీ అమ్మ ఎట్టా పోయింది మేస్త్రీ?" అంది పాసింగ్ అవ్వ, కత్తి నూరుకుంటూ.

మెల్చోర్ సంచి భుజాన సర్దుకుని లారీ వైపు నడిచాడు. అవ్వే అడెల్ఫా వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"ఓర్చుకో పిల్లా. నీ ఒక్క నోటి కోసం ఇంతమంది నోళ్ళు ఎండాలా?"

అడెల్ఫా మోపు దింపింది. అందులోంచి ఒక గడ లాగి మోకాలికేసి విరిచింది. పళ్ళతో తొక్క చీల్చి కొరికింది. ఆ చప్పుడు అందరికీ వినిపించింది.

"ఉమ్మెయ్!" మెల్చోర్ పరుగున వచ్చాడు. "ఉమ్మెయ్యమంటుంటే!"

ఆమె నమిలింది. గుటక వేసింది.

"పిప్పి ఉమ్ముతా. రసం ఉమ్మను."

"నీకేం, నువ్వు కొరికావు. వారమంతా ఎండేది వీళ్ళు."

"నేను చచ్చాక కదిలినా మీకది మొదటి లారీయే కదా."

మిగిలిన మోపులు మిగతావాళ్ళే ఎక్కించారు. ఆమె నేలమీద కూర్చుని ఇంకో ముక్క కొరికింది. బిళ్ళ ఇంకా గుర్రుమంటూనే ఉంది.

లారీ కదిలింది. ఇస్కో చెరకు మీదే కూర్చుండిపోయాడు. ఇప్పుడతను జోకులు వేయడం లేదు. మిట్ట దగ్గర వెనక చక్రం బురదలో జారింది. బరువంతా ఒక పక్కకు ఒరిగింది. ముఠా మొత్తం ఊపిరి బిగబట్టి అటే చూస్తోంది.

పాసింగ్ అవ్వ కూడా అటే చూస్తోంది. ఆమె చేతిలో ఒక చెరకు ముక్క ఉంది. దాన్ని మెల్లగా పావడాకు తుడుస్తూ అడెల్ఫా వైపు జరుగుతోంది.